పండిత హృదయనాథ కుంజ్రూ జీవితము
(విద్యార్థి సైన్యమునకు రూపకల్పన చేసిన మహనీయుడు)

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభ తరుణమున, రజతోత్సవ సంచికకు ఒక మహాపురుషుని చరిత్రము వ్రాసి యిమ్మని నిర్వాహకులు నన్ను కోరిరి. రాజుల చరిత్రములును, కవుల చరిత్రములును మన బీరువాలలో కావలసినన్ని కలవు. వానినే మరల వ్రాయుట చర్విత చర్వణమగును. ప్రతి సంవత్సరము గణతంత్ర దినమున కాకి దుస్తులు ధరించి, ఎఱ్ఱ కుచ్చుగల టోపి పెట్టుకొని, అడుగులో అడుగు కలిపి నడచు కళాశాల బాలబాలికలను మనమందఱమును చూచుచున్నాము. వారిని ఎన్.సి.సి. వారందుము. ఆ సంస్థ పేరు తెలియని యింటివారు లేరు. దానికి రూపకల్పన చేసిన వాని పేరు తెలిసినవారు మాత్రము మిక్కిలి తక్కువ. ఆయన పేరు పండిత హృదయనాథ కుంజ్రూ. ఆయన మరణించి నలువది యేండ్లు దాటినది. ఆయన చరిత్రము మన తెలుగువారికి, అందును హైదరాబాదు పాత నగరము నెఱిగినవారికి, రెండు విధముల సంబంధించినది. ఆ రెండును ముందు ముందు విశదమగును.

ధనుర్విద్య మన పురాణములకు క్రొత్త కాదు. భీష్ముడు కురుకుమారులకు తగిన గురువును వెదకి ద్రోణుని నియమించిన కథయు, రంగస్థలమున రాజకుమారులు తమ విద్యలు ప్రదర్శించిన ఘట్టమును భారతము చదివిన వారెల్లరు నెఱుగుదురు. కాని ఆ విద్య రాజకుమారులకు మాత్రమే పరిమితమై యుండెను. ఏకలవ్యునకు ద్వారము మూయబడెను, కర్ణుని కులమడిగిరి. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున సైన్యములను ఆఱు విధములుగా విభజించి, తరతరములుగా రాజ్యమును నమ్ముకొని యున్న మౌలబలము మేలైనదనియు, కూలికి వచ్చిన భృతబలము దాని తరువాతిదనియు నిర్ణయించెను. తన దేశపు బిడ్డలు తన దేశమును కాపాడుట కంటె నమ్మదగినది వేఱొకటి లేదనుటయే దాని సారాంశము. ఈ సత్యమునకు హైదరాబాదు నగరము కంటె మంచి నిదర్శనము దొరకదు.

భాగ్యనగరపు పాఠము

పాత నగరమునకు తూర్పుగా మలకుపేట ప్రక్కన మూసారాంబాగు అను పేట కలదు. ఆ పేరు ఫ్రెంచి దేశస్థుడైన రేమాండు అను సేనానిని బట్టి వచ్చినది. ఆయన నిజాం అలీఖాను కొలువున చేరి, పాశ్చాత్య పద్ధతిని దళములను తీర్చి, ఫిరంగులు పోతపోయు కార్ఖానా నెలకొల్పెను. నేటి గన్‌ఫౌండ్రీ పేటకు ఆ పేరు దానివలననే కలిగినది. ఆయన దళములలో సుమారు 14,000 మంది సైనికులుండిరి. సైనికులు ఈ దేశమువారు; వారిని నడపు అధికారులో, పరదేశులు. రేమాండు 1798 మార్చి నెలలో మరణించెను. అదే సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన నిజాము ఇంగ్లీషువారితో సైన్య సహకార సంధి చేసికొనెను. అక్టోబరు 22వ తేదీన ఇంగ్లీషువారు ఆ దళములను చుట్టుముట్టి ఆయుధములు దింపించిరి. అంతటి సేన పెద్ద యుద్ధమేమియు లేకయే ఒక్క దినమున చెదరిపోయెను. ఫ్రెంచి అధికారులు తొలగింపబడిన పిమ్మట ఆ దళములకు దిక్కు చూపువాడు స్వదేశీయుడు ఒక్కడును లేకపోయెను.

చాంద్రాయణగుట్ట దారిలో బర్కసు అను మఱియొక పేట కలదు. సైనికుల బారకాసులే ఆ పేరునకు మూలము. అరబ్బుదేశమున హద్రమౌతు ప్రాంతమునుండి వచ్చి నిజాము కొలువున చేరిన సిపాయిల వంశస్థులు నేటికిని అచ్చట నివసించుచున్నారు. వారు శూరులు, నమ్మకస్థులు. అందు సందేహము లేదు. అయినను రాజ్యమునకు కావలసిన సైనికుని సముద్రములకావల నుండియు, సేనానిని ఐరోపా ఖండమునుండియు తెచ్చుకొనిన కాలములో, ఈ నేలమీద పుట్టి చదువుకొనిన యువకునకు సైన్యమున స్థానమెక్కడ అను ప్రశ్నను ఎవ్వరును అడుగలేదు. ఆ ప్రశ్నను దేశమంతటి కొఱకు పదే పదే అడిగి, తుదకు సమాధానము సంపాదించినవారిలో అగ్రగణ్యుడు కుంజ్రూ పండితుడు.

వంశము, బాల్యము

హృదయనాథ కుంజ్రూ 1887 అక్టోబరు 1వ తేదీన జన్మించెను. వారిది ఆగ్రాలో స్థిరపడిన కాశ్మీరీ పండితుల కుటుంబము. తండ్రి అయోధ్యానాథ కుంజ్రూ అలహాబాదు ఉన్నత న్యాయస్థానమున పేరుమోసిన న్యాయవాది. కాంగ్రెసు సంస్థ తొలి నాయకులలో నొకడు. 1888లో అలహాబాదున జరిగిన కాంగ్రెసు మహాసభకు ఆహ్వాన సంఘాధ్యక్షుడుగా నుండి, ప్రభుత్వమువారు స్థలము దొరకకుండ పెట్టిన చిక్కులనెల్ల దాటించి సభను జయప్రదముగా నడిపెను. 1892లో ఆయన పరమపదించునాటికి హృదయనాథుడు ఐదేండ్లు నిండని పసివాడు. తండ్రి ముఖము జ్ఞప్తికి రాకున్నను తండ్రి కీర్తి ఇంటిలో దీపమువలె వెలుగుచునేయుండెను.

హృదయనాథుడు ఆగ్రా, అలహాబాదు నగరములలో విద్య ముగించెను. పెద్ద న్యాయవాది కుమారుడు న్యాయవాదియై ధనార్జన చేయునని బంధువులు తలచియుందురు. ఆయన మార్గము వేఱుగా నుండెను. గోపాలకృష్ణ గోఖలే మహాశయుడు 1905 జూన్ 12వ తేదీన పూనా నగరమున భారత సేవక సమాజమును స్థాపించియుండెను. అందు చేరువాడు స్వార్జితమును విడిచి, సమాజమిచ్చు కొలది వేతనముతో జీవించుచు, జీవితమంతయు దేశసేవకు ధారపోయవలెను. కుంజ్రూ 1909లో, ఇరువది రెండవ యేట, ఆ దీక్షను స్వీకరించెను. పిమ్మట లండను నగరమునకు వెడలి రాజనీతి శాస్త్రము నభ్యసించి వచ్చెను. యౌవనముననే భార్య కాలధర్మము నొందగా ఆయన మరల వివాహమాడలేదు. సమాజమే కుటుంబము, సేవయే సంసారమయ్యెను.

సేవాదీక్ష

1915లో హరిద్వారమున కుంభమేళా జరిగెను. లక్షలాది జనము గంగాతీరమున చేరునపుడు త్రొక్కిసలాటలు, విషూచి మున్నగు వ్యాధులు, తప్పిపోవు పిల్లలు, దిక్కులేని వృద్ధులు—ఈ బాధలన్నియు కలుగుట సహజము. యాత్రికుల సేవకై భారత సేవక సమాజము పంపిన వాలంటీరు దళమునకు కుంజ్రూ నాయకత్వము వహించెను. దక్షిణాఫ్రికానుండి అప్పుడే తిరిగివచ్చిన గాంధీ మహాత్ముడు తన ఫీనిక్సు ఆశ్రమ బాలురను ఆ దళమునకు సహాయముగా పంపెను. తానును వచ్చి చూచెను. కాలేజి చదువు చదివిన యువకులు పాయిఖానాలకు మన్ను కప్పుట మొదలుకొని రోగులను మోయుట వఱకు ఏ పనికిని వెనుదీయకుండుట ఆనాటికొక వింత. క్రమశిక్షణగల నూర్గురు యువకులు క్రమము లేని వేయిమంది చేయజాలని పని చేయగలరని కుంజ్రూ కన్నులార చూచెను.

ఆ కాలమున బాలభటోద్యమము ఇంగ్లీషువారిచేతిలో నుండెను. భారతీయ బాలురకు అందు తగిన గౌరవము లేకుండుట చూచి, పండిత మదనమోహన మాలవీయునితోను, శ్రీరామ వాజపేయితోను కలిసి కుంజ్రూ అలహాబాదు సేవాసమితి తరఫున స్వదేశీ బాలభట సంఘమును నడిపెను. స్వాతంత్ర్యానంతరము భిన్న భిన్న సంఘములను ఏకము చేసి 1950 నవంబరు 7వ తేదీన భారత స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ నేర్పడజేసినపుడు దానికి మొదటి జాతీయ కమిషనరుగా ఆయననే యెన్నుకొనిరి. ముప్పది యేండ్లకు పైబడిన ఓపికకు అది ఫలము.

శాసనసభలలో

కుంజ్రూ మితవాది. గోఖలే శిష్యపరంపరలోనివాడు. చట్టమునకు లోబడి, వాదనతోను, లెక్కలతోను ప్రభుత్వమును ఒప్పించుటయే ఆయన మార్గము. 1921లో సంయుక్త రాష్ట్ర శాసనమండలిలోను, 1926లో కేంద్ర శాసనసభలోను, 1936 నుండి రాష్ట్రమండలి యనబడు కౌన్సిల్ ఆఫ్ స్టేటులోను సభ్యుడుగా నుండెను. 1934లో నేషనల్ లిబరల్ ఫెడరేషను అధ్యక్షుడయ్యెను. 1936లో భారత సేవక సమాజాధ్యక్ష పదవి లభించెను. దానిని మరణపర్యంతము నిర్వహించెను. ఆ సమాజముననే మన తెలుగువాడైన పి. కోదండరావుగారును సభ్యుడై, శ్రీనివాస శాస్త్రిగారి కార్యదర్శిగాను, సమాజపు పత్రికకు సంపాదకుడుగాను పేరుగాంచెను.

శాసనసభలలో ఆయన మిక్కిలి శ్రద్ధవహించిన విషయము సైన్యము. ఆనాటి స్థితిని కొంచెము చెప్పవలసియున్నది. భారత సైన్యమున సిపాయిలందఱు మనవారు. రాజముద్రతో నియుక్తులగు అధికారులు మాత్రము ఇంగ్లీషువారు. మొదటి మహాసంగ్రామమునకు పిమ్మటనే ఇంగ్లండు నందలి శాండుహర్‌స్టు సైనిక కళాశాలలో సంవత్సరమునకు పదిమంది భారతీయులకు స్థానము కల్పించిరి. దేశమునందే అట్టి కళాశాల కావలెనని భారత నాయకులు పట్టుపట్టగా, ఎట్టకేలకు 1932లో డెహ్రాడూనున సైనిక విద్యాలయము ప్రారంభమయ్యెను. మొదటి తరగతిలో నలువది మంది మాత్రమే చేరిరి. రేమాండు కాలమున హైదరాబాదునకు పట్టిన గతియే యావద్భారతమునకును పట్టియుండెననుట అతిశయోక్తి కాదు. బలము మనది, పగ్గము పరులది.

కళాశాల విద్యార్థుల సైనిక శిక్షణ 1917లో మొదలయ్యెను. ప్రభుత్వమునకు యుద్ధమువలన మనుష్యులు కొఱవడగా విశ్వవిద్యాలయములలో దళములు లేవదీసిరి. 1920 నాటి ప్రాదేశిక సైన్య శాసనముతో అవి యూనివర్సిటీ ట్రైనింగు కోరు అను పేర స్థిరపడెను. వానిలో విద్యార్థులు కవాతు నేర్చిరి, తుపాకి పట్టిరి. అధికారి పదవికి మాత్రము అది సోపానము కాలేదు. రెండవ మహాసంగ్రామమున మరల అధికారుల కొఱత కలిగినప్పుడు, 1942లో, ఆ దళములనే యూనివర్సిటీ ఆఫీసర్స్ ట్రైనింగు కోరు అని పేరు మార్చిరి. పేరు పెరిగెనుగాని ఫలము పెరుగలేదు. చేరినవారు కొందఱే, ఉన్నత పాఠశాల బాలురకు ప్రవేశము లేదు, బాలికల ప్రసక్తియే లేదు. పరప్రభుత్వము తన అవసరమునకు పెట్టిన సంస్థయగుటచే దానియందు జాతి కెట్టి మమకారమును కలుగలేదు.

కుంజ్రూ సంఘము

1946 సెప్టెంబరులో మధ్యంతర ప్రభుత్వ మేర్పడెను. ఆ నెల 29వ తేదీననే, పాఠశాలలు, కళాశాలల విద్యార్థులకు దేశవ్యాప్తముగా సైనిక శిక్షణ నిచ్చు సంస్థ యెట్లుండవలెనో తేల్చి చెప్పుటకు కుంజ్రూ అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. సైన్యమునెల్ల జాతీయము చేయుటకు గోపాలస్వామి అయ్యంగారు అధ్యక్షతన ఆ కాలముననే ఏర్పడిన మఱియొక సంఘమునందును ఆయన సభ్యుడే.

ఆ దినములు దేశమునకు దుర్దినములు. కలకత్తాలోను, నౌఖాలీలోను, బీహారులోను మతకలహములు చెలరేగి రక్తము ప్రవహించెను. యువకుల చేతికి తుపాకులిచ్చుట మేలా, కీడా అను సందేహము బుద్ధిమంతులకు కలుగుట సహజమే. వీధి వీధిని ప్రైవేటు దళములు కవాతు చేయుచుండెను. ఈ ప్రమాదమును తప్పించి, యువకుల ఉత్సాహమును దేశరక్షణకు మళ్లించుటయే సంఘమునకు పరీక్ష యయ్యెను.

1947 మార్చి నెలలో సంఘము తన నివేదిక సమర్పించెను. అందలి ప్రధానాంశములను సంగ్రహముగా చెప్పెదను. విద్యార్థి సైన్యము దేశమంతటికిని ఒక్కటిగా నుండవలెను. కళాశాలల యువకులకు సీనియరు శాఖయు, పాఠశాలల బాలురకు జూనియరు శాఖయు, బాలికలకు వేఱొక శాఖయు నుండవలెను. శీలము, స్నేహము, సేవ, నాయకత్వము అను గుణములు పెంపొందించుట, సైనిక శిక్షణ నిచ్చి దేశరక్షణయందు ఆసక్తి కలిగించుట, అవసరమైనపుడు సైన్యము త్వరగా పెరుగుటకు అధికారులను సిద్ధముచేసి యుంచుట—ఇవి లక్ష్యములు. సాయుధ దళముల అధికారులు శిక్షణ నిత్తురు. కళాశాల అధ్యాపకులే ప్రత్యేక శిక్షణ పొంది విద్యార్థులకు నాయకులుగా నుందురు. గురువునే సేనానిగా నిలుపుట ద్రోణుని నాటి సంప్రదాయము. కులమడుగకుండుట మాత్రము క్రొత్త ధర్మము.

ఆ నివేదికపై రూపొందిన శాసనము 1948 ఏప్రిల్ 8న రాజ్యాంగ సభయందు ఆమోదము పొంది, 16న గవర్నరు జనరలు సమ్మతి నందెను. 1948 జూలై 15వ తేదీన నేషనల్ కాడెట్ కోరు అవతరించెను. కర్నలు గోపాల గురునాథ బేవూరు దానికి మొదటి డైరెక్టరు. ఆ శాసనమున ఒక ముఖ్య విశేషము కలదు. కాడెట్టుగా చేరిన విద్యార్థికి యుద్ధమునకు పోవలెనను బాధ్యత లేదు. సైన్యమున చేరుట, చేరకుండుట అతని యిష్టము. శిక్షణ దేశము పెట్టిన భిక్ష. సేవ అతడు తలచి చేయు దానము. నిర్బంధములేని క్రమశిక్షణ యనుట ఇదియే.

1949లో బాలికల శాఖయు, 1950 ఏప్రిల్‌లో వైమానిక శాఖయు, 1952లో నౌకాశాఖయు ఏర్పడెను. ఇరువది వేలమంది కాడెట్లతో మొదలైన సంస్థ నేడు ఇరువది లక్షల కాడెట్ల పరిమితికి విస్తరించుచున్నది. నాడు నాటిన విత్తు నూఱు రెట్లు పండినదన్నమాట.

హైదరాబాదున జరిగినది

1948 జూలైలో ఈ సంస్థ ప్రారంభమగునాటికి హైదరాబాదు సంస్థానము భారత యూనియనునందు చేరియుండలేదు. సరిగా అదే కాలమున పాత నగరపు వీధులలో రజాకారులు కవాతు చేయుచుండిరి. అందు విద్యార్థులును, నిరుద్యోగ యువకులును కలరు. వారికిని సమవస్త్రమున్నది, ఆయుధమున్నది, ఉత్సాహమున్నది. శాసనమునకు లోబడిన అధికారి మాత్రము లేడు. దానివలన తెలంగాణ పల్లెలు పడిన బాధలు పెద్దలు చెప్పగా వినియున్నాము. సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించి, 17న సంస్థానము లొంగెను; మరునాడు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎడ్రూసు మేజరు జనరల్ చౌదరికి లొంగుబాటు తెలిపెను. ఆ తరువాతి దినములలో ప్రతీకారములు చెలరేగి నిరపరాధులైన మహమ్మదీయులును పెక్కుమంది నశించిరి. క్రమము తప్పిన ఆయుధము ఏ మతమువానిచేతిలో నున్నను నిరపరాధినే ముందుగా కూల్చుననుట ఆ సంవత్సరము నేర్పిన పాఠము. ఒకే వేసవిలో, ఒకే దేశమున, యువకుల చేతికి ఆయుధమిచ్చు రెండు మార్గములు ప్రక్క ప్రక్కన కానవచ్చినవి. కుంజ్రూ సంఘము చూపిన మార్గమునకు గల విలువ ఈ పోలికవలన తెలియుచున్నది.

పిమ్మట ఎన్.సి.సి. హైదరాబాదు కళాశాలలకును వచ్చెను. మూసీ దక్షిణ తీరమున, ఉన్నత న్యాయస్థానమునకు సమీపమున, విన్సెంటు ఎష్ అను వాస్తుశిల్పి నిర్మించిన సిటీ కళాశాల భవనము 1921 నుండి విద్యార్థులతో కళకళలాడుచున్నది. పాత నగరపు సామాన్య గృహస్థుల బిడ్డలకు అది చదువుల తల్లి. నదికి ఆవలి యొడ్డున కోఠిలో రెసిడెన్సీ భవనము కలదు. రేమాండు దళములను నిరాయుధము చేయించిన రెసిడెంటు కిర్క్‌పాట్రిక్కే 19వ శతాబ్ది తొలి యేండ్లలో దానిని కట్టించెను. 1949లో ఆ భవనమునకు మహిళా కళాశాల తరలివచ్చెను. ఆ సంవత్సరముననే ఎన్.సి.సి. బాలికల శాఖయు పుట్టెను. పరదేశపు ప్రతినిధి గద్దెయెక్కి కూర్చున్న చోట ఈ దేశపు ఆడుబిడ్డలు పుస్తకము పట్టి కూర్చుండిరి. ఆ కళాశాల నేడు చాకలి ఐలమ్మ పేర మహిళా విశ్వవిద్యాలయమైనది. ఒక పల్లెటూరి రైతుస్త్రీ పేరు రెసిడెంటు మేడపై వెలయుట కాలమహిమ.

రాష్ట్ర పునర్విభజన సంఘమున

తెలుగువారికి కుంజ్రూతో గల రెండవ సంబంధ మిది. 1953 డిసెంబరులో ప్రభుత్వము రాష్ట్రముల పునర్విభజనకై ఫజల్ అలీ అధ్యక్షుడుగా, కుంజ్రూ, కె.ఎం. పణిక్కరు సభ్యులుగా సంఘమును నియమించెను. వారు 38,000 మైళ్లు ప్రయాణము చేసి, 104 స్థలములను సందర్శించి, తొమ్మిది వేలకు పైగా జనులతో మాటలాడి, 1,52,250 అర్జీలును, విజ్ఞాపనలును పరిశీలించిరి. లెక్కలు వ్రాయు వృత్తిలో నున్న నావంటి వానికి ఈ అంకెలు గుండె ఝల్లుమనిపించును. అన్ని కాగితములను చదివి, ఒక్కొక్క దానికి న్యాయము చేయుట తపస్సు వంటిది.

1955 సెప్టెంబరు 30న సమర్పించిన నివేదికలో, హైదరాబాదు రాష్ట్రమును విభజించి, తెలంగాణ జిల్లాలను హైదరాబాదు పేరిట ప్రత్యేక రాష్ట్రముగా ఉంచవలెననియు, 1961 ప్రాంతమున జరుగు ఎన్నికల తరువాత ఆ శాసనసభలో మూడింట రెండు వంతులవారు అంగీకరించినచో ఆంధ్రముతో కలుపవచ్చుననియు సూచించిరి. విశాలాంధ్రము వలని లాభములను వారు కాదనలేదు. తెలంగాణ ప్రజల భయసందేహములను త్రోసివేయనులేదు. ప్రజల సమ్మతి ముందు, కలయిక వెనుక అను క్రమమును వారు కోరిరి. ప్రభుత్వము వేఱు నిర్ణయము చేయగా, 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుష్యుల ఒప్పందము పిమ్మట నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడెను. 2014 జూన్ 2న తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమయ్యెను. ఏది మేలు, ఏది కీడు అను వాదము ఈ సంచికకు తగినది కాదు. ఎన్.సి.సి. విషయమునను, ఈ విషయమునను కుంజ్రూ బుద్ధి ఒకే తీరున నడచినదని మాత్రము మనవి చేయుచున్నాను. బలవంతపు మాఘస్నానము ఆయనకు గిట్టదు.

నిర్బంధము, దాని ఫలము

1962లో చైనా దండయాత్ర జరిగెను. దేశము దిగ్భ్రాంతి చెందెను. మరుసటి సంవత్సరము కళాశాల విద్యార్థులకు ఎన్.సి.సి. శిక్షణను నిర్బంధము చేసిరి. ఉద్దేశము మంచిదే. 1965, 1971 యుద్ధకాలములలో కాడెట్లు రక్షణ కార్యములందు వెనుక నిలిచి తోడ్పడిరి. కాని ఇష్టములేనివారిని లక్షలకొలదిగా మైదానమున నిలిపినపుడు శిక్షకులు చాలరు, తుపాకులు చాలవు, శ్రద్ధయు చాలదు. హాజరు పట్టీ నిండును, సైనికుడు తయారుకాడు. కొఠారీ విద్యాసంఘము సమాజసేవ వంటి ప్రత్యామ్నాయములు కల్పించవలెనని సూచించెను. 1968లో ఎన్.సి.సి. మరల స్వచ్ఛంద మయ్యెను. తరువాతి సంవత్సరమున జాతీయ సేవా పథకము వెలసెను. ఇరువది యేండ్ల క్రిందట కుంజ్రూ సంఘము ఎంచుకొనిన మార్గమునకే దేశము తిరిగివచ్చెను.

నేడు కాడెట్టు కవాతు, తుపాకి ప్రయోగము, పటము చదువుట, ప్రథమ చికిత్స, శిబిర జీవితము అభ్యసించి ఎ, బి, సి అను మూడు పరీక్షలలో యోగ్యతా పత్రములు పొందును. సి పత్రము గలవారిని సైన్యమున అధికారి పదవులకు ప్రత్యేక ప్రవేశమార్గమున, వ్రాత పరీక్ష లేకయే, ముఖాముఖి ఎంపికకు పిలుచు సదుపాయము కలదు. విద్యార్థులకు నాయకత్వము వహించు అధ్యాపకులు నాగపూరు సమీపమున కాంప్టీలోను, అధ్యాపికలు గ్వాలియరులోను శిక్షణ పొందుదురు. పాత నగరపు ఇఱుకు గల్లీలో పుట్టిన పేదబాలునకైనను, మన పల్లెలో నాగలి పట్టినవాని కుమార్తెకైనను ఆ ద్వారము తెరచియే యున్నది. ఏకలవ్యుడు నేడు వ్రేలు కోసి యియ్యనక్కఱలేదు.

ఉత్తర జీవితము

స్వతంత్ర భారతమున కుంజ్రూ రాజ్యాంగసభ సభ్యుడుగాను, 1952 నుండి 1962 వఱకు రాజ్యసభ సభ్యుడుగాను నుండెను. ఏ మంత్రి పదవిని చేపట్టలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘమున సభ్యుడై ఉన్నత విద్యకు పాటుపడెను. రైలు ప్రమాదముల విచారణకై 1962లో నియమించిన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. అంతర్జాతీయ విషయములు మనవారు స్వయముగా పరిశీలింపవలెనను తలంపుతో 1943లో ఏర్పడిన భారత ప్రపంచ వ్యవహార పరిషత్తు స్థాపకులలో నొకడు. ఢిల్లీలో ఆ పరిషత్తునకు నిలయమైన సప్రూ భవనమున పెద్ద గ్రంథాలయము కలదు. 1955లో ఆ నీడననే పుట్టిన అంతర్జాతీయ అధ్యయన పాఠశాల పిమ్మట జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున లీనమయ్యెను. బాలభటులకు మైదానము, పండితులకు గ్రంథాలయము—రెంటిని సమముగా చూచిన మనీషి ఆయన.

1968లో ప్రభుత్వము ఆయనకు భారతరత్న బిరుదము నియ్యదలచెను. ఆయన వినయముతో నిరాకరించెను. గణరాజ్యమున ఇట్టి బిరుదములు కూడవని రాజ్యాంగసభలో తాను వాదించియుండెను. ఇతరులకు వలదన్నది తనకు వచ్చినపుడు ఔనని స్వీకరించుట ఆయనకు న్యాయముగా తోచలేదు. ఇరువది యేండ్ల వెనుకటి మాటను ఎవ్వరును జ్ఞప్తి చేయకపోయినను తాను మరవకుండుట సత్యసంధత. భీష్ముని ప్రతిజ్ఞను ఎల్లరు కొనియాడుదురు. సభలో చెప్పిన మాటకు జీవితమంతయు కట్టుబడి యుండుట మన కాలమునకు తగిన భీష్మ ప్రతిజ్ఞయని నాకు తోచుచున్నది. 1978 ఏప్రిల్ 3వ తేదీన, తొంబది యేండ్లు నిండిన పిమ్మట, ఆ పుణ్యపురుషుడు దివంగతుడయ్యెను. ఆయనకు కోటలు లేవు, ఆస్తులు లేవు, సంతానము లేదు. కాకిబట్టలు ధరించి కవాతు చేయు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఆయన సంతానమే.

ఉపసంహారము

పాఠక మహాశయులారా! ఈ చరిత్రమునుండి మనము గ్రహింపదగినవి మూడు. తన రక్షణను పరులకు కౌలుకిచ్చిన రాజ్యము ఒక్క దినమున నిరాయుధమగును. క్రమము నేర్వని యువకుని చేతి యాయుధము తన ఊరినే కాల్చును. క్రమము నిర్బంధమున అబ్బదు, శ్రద్ధవలన అబ్బును. ఈ మూడింటిని ఎఱిగి, పేరుకు ప్రాకులాడక, సంఘముల నివేదికలలోను, సభల చర్చలలోను తన ఆయువును కరిగించినవాడు కుంజ్రూ పండితుడు. అట్టివారి పనిని వీధులలో ఊరేగింపరు. దాని ఫలమును మాత్రము తరతరములు అనుభవించును.

మన గ్రామమునుండి కళాశాలలకు వెళ్లు పిల్లలు ఏటేట పెరుగుచున్నారు. వారిలో కొందఱైనను ఎన్.సి.సి. యందు చేరి, శరీరమును దృఢపఱచుకొని, తోడివారిని నడుపు నేర్పు సంపాదింతురుగాక. సెలవులకు ఇల్లు చేరినపుడు ఈ గ్రంథాలయపు మెట్లెక్కి, బీరువా తెరచి, తమకు ముందు నడచినవారి చరిత్రములు చదువుదురుగాక. బాహుబలమును బుద్ధిబలమును ఒక్కచోట చేరిన ఊరు ఎన్నటికిని చెడదు. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును కన్నులపండువుగా జరుపుకొనుగాక యని భగవంతుని ప్రార్థించుచు విరమించుచున్నాను.